చదువని నింద, చదువని స్తుతి

ఆస్తిక గృహములలో నవలలను గూర్చి నేడు తరచుగా వినవచ్చు మాటలు మూడు. మొదటిది: "ఆ పుస్తకము బ్రాహ్మణద్వేషముతో వ్రాసినది, ముట్టరాదు." రెండవది: "ఇది మన దేవుని కథయే గదా, పిల్లలకు కొని ఇండు." మూడవది: "అది మహాగ్రంథము, ప్రతి ఇంటను ఉండదగినది." మొదటి మాట యు. ఆర్. అనంతమూర్తి గారి "సంస్కార"ను గూర్చినది. రెండవది అమీశ్ త్రిపాఠి గారి శివకథాత్రయమును గూర్చినది. మూడవది విశ్వనాథ వారి "వేయిపడగలు"ను గూర్చినది. ఈ మాటలు పలికినవారిని "తాము చదివితిరా?" అని మెల్లగా ప్రశ్నించినచో, మూడు తావులందును ఎక్కువగా ఎదురగునది మౌనమే.

చదివి చూచినవానికి మాత్రము వ్యవహారము తలక్రిందులుగా కనబడును. ముట్టరాదన్న పుస్తకము ధర్మజిజ్ఞాసువును శాస్త్రము వద్దకు నడపించును. కొని ఇండన్న పుస్తకము దేవుని పేరును నిలిపి దేవుని తొలగించును. ఇంటింట ఉండదగినదన్న పుస్తకము నిజముగా ఉండదగినదే, కాని దానిని బీరువాలో నిలిపినవారు దానిలోని కఠినమైన మాటలను విని యుండలేదు.

"భక్తుడు విమర్శకుడు కారాదు" అని కొందరందురు. ఈ మాటకు సంప్రదాయమున ఆధారము లేదు. కాళిదాసునకు మించిన కవి ఎవ్వరు? "కుమారసంభవము" ఎనిమిదవ సర్గలో ఆయన జగన్మాతాపితరుల సంభోగశృంగారమును వర్ణించినాడు. 9వ శతాబ్దమున కాశ్మీరమున నున్న ఆనందవర్ధనుడు "ధ్వన్యాలోకము"లో అది అనౌచిత్యమే యని చెప్పి, కవిశక్తి దానిని కప్పివేసినదని కూడ చెప్పెను. మమ్మటుడు "కావ్యప్రకాశము"లో ఇంకను కఠినుడై, అట్టి వర్ణనము తల్లిదండ్రుల సంభోగమును వర్ణించినట్లే అనుచితమని తీర్పు ఇచ్చెను. ఇరువురును చదివి చెప్పిరి, కారణము చూపి చెప్పిరి. "కుమారసంభవము" పంచకావ్యములలో యథాస్థానమున నిలిచి, పాఠశాలలలో పాఠముగా సాగుచునే వచ్చినది. గుణమును గుణమని, దోషమును దోషమని, రెండును ఒకే గ్రంథమున నున్నచో రెండును ఉన్నవని పలుకుట సంప్రదాయము నేర్పిన విద్య. గ్రంథకర్త కులగోత్రములను, పక్షమును విచారించి పుస్తకమును మూసివేయుట ఆ విద్య కాదు.

ఇక శివకథాత్రయము. మొదటి సంపుటము "ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా" 2010లో వెలువడినది. తక్కిన రెండును 2011, 2013 సంవత్సరములలో వచ్చినవి. కథనవేగము గలదు. ఘట్టమును ఎచ్చట ఆపవలెనో రచయితకు తెలియును. ఈ గుణములను కాదనుట అన్యాయము. ఇది కల్పనయే యని దాచిపెట్టినదియు లేదు. కనుక ఇచ్చట మొదటి అభియోగము రచయిత మీద కాదు. దానిని "ధార్మికగ్రంథము" అను పేర ఉపనయనములలో బహుమానముగా అందించు పెద్దల మీద.

ఆ కథలో శివుడు మానససరోవరతీరమున నుండు ఒక కొండజాతికి నాయకుడు, మనుష్యుడు. మెలూహా రాజ్యమువారి ఆహ్వానముపై తనవారితో కాశ్మీరము చేరును. అచ్చట వైద్యులు ఇచ్చిన ఔషధమున సోమరసము కలిసియుండును. అది త్రాగగా ఆయన కంఠము నీలమగును. ఆ చిహ్నమును చూచి, తమను రక్షింపవచ్చునని పురాతనకథనము చెప్పిన నీలకంఠుడు ఇతడే యని ఆ రాజ్యమువారు మ్రొక్కుదురు.

కథను మార్చినందుకు ఆక్షేపణము లేదు. వ్యాసభారతమున శకుంతలోపాఖ్యానములో దుర్వాసుని శాపము లేదు, అంగుళీయకము లేదు. రెండును కాళిదాసు కల్పనలే. ఆ కల్పన లేకున్నచో దుష్యంతుడు తెలిసియు తెలియనట్లు బొంకిన రాజుగా మిగులును. శాపము చేరగా నాయకుని ఔదాత్యము నిలిచినది, రసము నిలిచినది. ఆనందవర్ధనుడు చెప్పిన నియమము సరిగా ఇదియే: ప్రసిద్ధకథలో రసమునకు అడ్డువచ్చు దానిని విడువవచ్చును, అనుగుణమైన దానిని కల్పింపవచ్చును, రామాయణాదులవంటి సిద్ధరసకథలలో మాత్రము రసవిరోధియైన స్వేచ్ఛ పనికిరాదు. ఈ కొలబద్దతో నీలకంఠమును కొలిచి చూడుడు. క్షీరసాగరము చిలుకగా పుట్టిన హాలాహలము లోకములను దహింప వచ్చినప్పుడు, తాను త్రాగనవసరము లేని విషమును తాను త్రాగి, మ్రింగక, ఉమియక, కంఠమున నిలుపుకొన్నవాని గుర్తు అది. ఆ నీలిమలో కరుణ కలదు, నిర్ణయము కలదు. నవలలో ఏమి యున్నది? అడుగకయే పోసిన మందునకు శరీరము చూపిన వికారము. విషము అమృతజాతీయమైన పానీయముగా మారినది, త్యాగము యాదృచ్ఛికముగా మారినది. పేరు మాత్రము నిలిచినది.

శివాలయమున లింగముపై ధారాపాత్ర వ్రేలాడుచుండును. "ఈ నీరు చుక్కచుక్కగా ఏల పడును?" అని బాలుడు అడిగినప్పుడు, విషమును నిలుపుకొన్న స్వామికి చల్లదనము కొఱకు అని పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. మెలూహా చదివి పెరిగిన బాలునికి ఆ సమాధానము పట్టదు. ఔషధవికారమునకు అభిషేకమేల? "ఏ విధముగానైనను పిల్లలు శివుని పేరు తెలిసికొనుచున్నారు గదా" అను వాదము ఇచ్చటనే కూలిపోవుచున్నది.

మాటల విషయమును చూచినను అంతే. ఋగ్వేదమున నవమమండలము సమస్తమును, 114 సూక్తములును, పవమానసోమునకు అంకితము. వడపోతగుండ జారు రసమును దేవతగా చూచిన దృష్టి అది. నవలలో సోమము ఆయుర్వృద్ధికై తయారుచేయు ద్రవ్యము. తుదకు దాని మలినము విషమై జనులను పీడించును. "వికర్మ" యను మాట గీత చతుర్థాధ్యాయమున నిషిద్ధకర్మకు పేరు; కర్మ, అకర్మ, వికర్మలను విడదీసి తెలిసికొనుమని భగవానుని ఆదేశము. నవలలో అది పూర్వజన్మపాపము పేర అంటరానివారుగా నుంచబడిన మనుష్యులకు పేరైనది. అట్టి నియమమును కథానాయకుడు తొలగించుట మంచిదే, రచయిత హృదయము అచ్చట మంచిదే. కాని గీతను ఇంకను తెరువని పదునాలుగేండ్ల బాలుడు ఆ శబ్దమును ఈ అర్థముతో నేర్చుకొని, పిమ్మట గీతను తెరచినచో ఎవరు సరిదిద్దవలెను? బహుమానము ఇచ్చిన పెద్దలు అప్పుడు దగ్గర నుందురా?

భైరప్ప గారి "పర్వ" (1979) మహాభారతమునుండి దైవాంశమును మొత్తముగా తొలగించినది. వరములు లేవు, శాపములు లేవు, దివ్యాస్త్రములు లేవు. అయినను దాని దారి వేరు. అది పాఠకుని మభ్యపెట్టదు, "దైవమును తీసివేసి చూచినచో ఈ మనుష్యుల దుఃఖము ఎట్లుండును?" అని బాహాటముగా అడుగును. ముసలితనమున నున్న యోధుల అలసట, కొడుకులను పోగొట్టుకొన్న తల్లుల రోదనము అందు నిజముగా నున్నవి. వ్యాసుని చదివిన పిమ్మట చదువదగినది, ముందు కాదు. ఇంతకు మించి దానిని గూర్చి ఇచ్చట విస్తరింప నవసరము లేదు.

"సంస్కార" విషయమున విస్తరింపక తప్పదు. 1965లో వెలువడిన ఈ కన్నడనవలను వేదికలపై నిందించు ప్రవచనములు అప్పుడప్పుడు వినబడుచున్నవి. రచయిత పరాయివాడై అగ్రహారమును చూచి వెక్కిరించినాడని వాటి సారాంశము. ఆయన పుట్టినది తీర్థహళ్ళి తాలూకాలోని మేళిగె. బాల్యవిద్య దూర్వాసపురమున సంస్కృతపాఠశాలలో. నవలలోని అగ్రహారమునకును దూర్వాసపురమనియే పేరు. వెక్కిరింత యని అనదలచినవారు అననిండు. పరాయివాడని మాత్రము అనరాదు.

కథ యిది. మాధ్వాగ్రహారమున నారణప్ప యనువాడు ఆచారమును సమస్తమును విడిచినవాడు. చంద్రి యను వేశ్యతో కాపురము చేసినాడు, సాలగ్రామమును నదిలో విసరినాడు, మాంసము తిన్నాడు, దేవాలయపు కోనేటి చేపలను పట్టినాడు. శివమొగ్గ నుండి జ్వరముతో వచ్చి మరణించినాడు. శవము ఇంటనుండగా అగ్రహారమున ఎవ్వరును భోజనము చేయరాదు. దహనము ఎవరు చేయవలెను? జ్ఞాతులైన గరుడాచార్యుడు, లక్ష్మణాచార్యుడు "నీవనగా నీవు" అని తప్పించుకొందురు. ఖర్చులకై చంద్రి తన నగలను తీసి ముందుంచగానే ఆ తప్పించుకొనుట కాస్త "నేననగా నేను"గా మారును. నిర్ణయభారము వేదాంతశిరోమణి ప్రాణేశాచార్యుని మీద పడును. ఆయన తాళపత్రములను రాత్రియంతయు తిరుగవేసియు సమాధానము కనజాలడు.

శాస్త్రమెరిగిన పాఠకుడు ఈ ఘట్టమున నవలను మూసి ఆలోచింపవలెను. పతితునకు ఉదకక్రియాదులు లేవని స్మృతులు చెప్పును, నిజమే. కాని పతితుని వెలివేయుటకు విధి కలదు. ఘటస్ఫోటమని దానికి పేరు. జ్ఞాతులు కూడి, బ్రతికియున్నవానికి చనిపోయినట్లు కడవ దొర్లించి సంబంధమును త్రెంచుకొనవలెను. నారణప్పకు అది జరిగినదా? జరుగలేదు. వెలివేసినచో ముసల్మానుగా మారి అగ్రహారమునందే నిలుతునని అతడు బెదిరించినాడు. అగ్రహారము భయపడి ఊరకున్నది. బ్రతికియున్నంత కాలము భయముచే వెలివేయనివారు, చనిపోయిన పిమ్మట ధర్మమును సాకుగా తెచ్చుకొని వెలివేయ జూచుచున్నారు. వెలివేయబడనివాడు బ్రాహ్మణుడే, అతనికి సంస్కారము కర్తవ్యమే. జ్ఞాతులు చేయనిచో ఎవరైనను చేయవచ్చును. అనాథప్రేతసంస్కారమును అశ్వమేధఫలముతో సమముగా పెద్దలు చెప్పుదురు. శాస్త్రము ఇచ్చట మూగ కాదు.

మరి ప్రాణేశాచార్యునకు అది ఏల కనబడలేదు? ఇచ్చట రచయితను తప్పుపట్టువారు కొందరు, శాస్త్రమునే తప్పుపట్టువారు కొందరు. రెండును తొందరపాటే. ఆయన గ్రంథములలో వెదకుచున్నది విధిని కాదు. తాను చిరకాలముగా నారణప్పతో సాగించిన పంతమునకు విజయమును. నారణప్పను మార్చి తీరుదునని తపస్సువలె పట్టుదల పట్టినవాడు ఆయన. శవము ముందర ఆ పట్టుదల ఓడినది. పిమ్మట ఆయన మారుతిగుడికి పోయి, స్వామి కుడిప్రక్క పుష్పము పడునా, ఎడమప్రక్క పడునా అని దినమెల్ల కనిపెట్టుకొని కూర్చుండును. పుష్పము పడదు. దేవుని మౌనమును నాస్తికవాదముగా చదువుట సులభము. అర్చకవిద్య తెలిసినవారు మరియొక విధముగా చదువగలరు: విధి స్పష్టముగా నున్న చోట స్వామిని ప్రశ్న అడుగరాదు. స్వామి పలుకకుండుటకు అదియు ఒక కారణమే.

అగ్రహారపు ఇండ్ల కప్పులపై రాబందులు వ్రాలగా, బ్రాహ్మణులు వాకిళ్ళలోనికి వచ్చి జేగంటలు, శంఖములు మ్రోగించి వాటిని తోలు ఘట్టమును చదివి కలతపడని అర్చకుడు ఉండడు. మహానివేదనవేళ మ్రోగవలసిన వాద్యములు అవి. ఎలుకలు బయటికి వచ్చి చచ్చుచున్నను, వచ్చినది మహామారి యని గ్రహింపలేనంతగా వారి కన్నులు ఆకలి చేతను ఆభరణముల చేతను మూసికొనిపోయినవి.

భాగవతము షష్ఠస్కంధమున అజామిళోపాఖ్యానము కలదు. సప్తాహములలో దానిని విని కన్నీరు కార్చని భక్తుడు లేడు. అజామిళుడును బ్రాహ్మణుడే, దాసితో కాపురము చేసినవాడే, ఆచారభ్రష్టుడే. ఆ కథ బ్రాహ్మణద్వేషము కానిచో ఈ కథ ఎట్లు కాగలదు? అజామిళుడు ప్రాణము పోవునప్పుడు కొడుకును "నారాయణా" అని పిలిచినాడు. ఇచ్చట చనిపోయినవాని పేరే నారాయణనామము. అగ్రహారమంతయు ఆ పేరును మూడు దినములు ఉచ్చరించినది, తిట్టుగా. దీనిని రచయిత ఉద్దేశించెనో లేదో, భాగవతము చదివిన పాఠకునకు తట్టక మానదు. తుదకు ఆ శవమును రాత్రివేళ ఒక ముసల్మాను సాయముతో చంద్రి దహింపజేయును. వనపర్వమున కౌశికుడను తపస్వికి ధర్మమును తెలిపినవారు ఒక గృహిణియు, మిథిలలో మాంసము అమ్ము వ్యాధుడును. ఏకాదశస్కంధమున అవధూత గురువులలో పింగళ యను వేశ్య ఒకతె. చంద్రిని చూచి ఉలికిపడువారు ఈ పఙ్క్తిని ఒకసారి స్మరింపవలెను.

దోషములు లేవా? ఉన్నవి, చిన్నవి కావు. మొదటిది: అగ్రహారమున ఒక్క నిష్ఠాపరుడైన గృహస్థు లేడు. ఒకడు లోభి, ఒకడు తిండిపోతు, ఒకడు కపటి. బ్రాహ్మణస్త్రీలందరును ఎండిన కట్టెలు, ఇతరజాతులస్త్రీలందరును పూచిన తీగలు. లోకమున ఇట్టి విభాగము లేదు; ఇది చూచి వ్రాసినది కాదు, నిశ్చయించుకొని వ్రాసినది. బర్మింగ్‌హాములో పరిశోధన చేయుచు, దూరము నుండి ఊరిని తలచుకొని వ్రాసినందున కాబోలు, కోపము జ్ఞాపకమును మించినది. రెండవ దోషము ఇంకను లోతైనది. ప్రాణేశాచార్యుడు తన మోక్షమునకు సాధనముగా రోగిష్ఠియైన భాగీరథిని పెండ్లాడినవాడు. గృహస్థాశ్రమమున నుండి గార్హస్థ్యము లేనివాడు. ఏ స్మృతి ఇట్లు చేయుమన్నది? ధర్మార్థకామములు మూడింటిని సమముగా సేవింపుమనునది శాస్త్రము. అడవిలో చంద్రి స్పర్శతో కూలినది ధర్మము కాదు, ఆయన స్వయముగా కట్టుకొన్న వ్రతము. నవలను పొగడు పండితులలో పలువురు ఈ భేదమును గుర్తింపక "సంప్రదాయము కూలినది" అని చాటుదురు. నిందించువారును సరిగా అదే మాటను నమ్మి కోపింతురు. ఇరువురును ఒకే పొరపాటున నున్నారు.

తెలుగువారికి ఈ కథతో మరియొక సంబంధము కలదు. 1970లో దీనిని చలనచిత్రముగా తీసినది నెల్లూరు సీమవాడైన పఠాభి, అనగా "ఫిడేలు రాగాల డజన్" కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. ప్రాణేశాచార్యుడుగా గిరీశ్ కర్నాడ్ నటించెను. సెన్సారువారు మొదట నిషేధించిరి. నిషేధము తొలగిన పిమ్మట ఆ చిత్రమే జాతీయస్థాయిలో ఉత్తమచిత్రముగా స్వర్ణకమలము పొందినది.

ఇక "వేయిపడగలు". 1934లో ఇరువదితొమ్మిది దినములలో విశ్వనాథ వారు చెప్పుచుండగా తమ్ముడు వ్రాసినాడని ప్రసిద్ధి. పి. వి. నరసింహారావు గారు దానిని "సహస్రఫణ్" అని హిందీలోనికి తెచ్చిరి. చదివి చెప్పవలసినచో: పాశ్చాత్యవిద్యాదుల మీది చర్చలు కొన్ని చోట్ల కథను ముందుకు సాగనీయవు, రచయిత తీర్పులు పాత్రల నోట ఉపన్యాసములగును. కాని పసిరిక వంటి పాత్రను, గణాచారి వంటి పాత్రను మరియొక చోట చూడలేము. దేవదాసి గిరిక వేణుగోపాలస్వామి మీది భక్తితో నర్తించి నర్తించి కరగిపోవును. ఈ గ్రంథమును నెత్తిన పెట్టుకొని చంద్రిని అసహ్యించుకొనువారు గిరిక పుట్లను చదివియుండరు. సుబ్బన్నపేటలో కూలినదియు, దూర్వాసపురమున కూలినదియు ఒకే వ్యవస్థ. ఒకరు విలపించిరి, ఒకరు కోసి చూపిరి. సుబ్బన్నపేటలో ధర్మము పడగలను పోగొట్టినది బయటివారా, లోపలివారా అని ప్రశ్నించుకొనువానికి దూర్వాసపురము సాక్ష్యము చెప్పును. రెండును ప్రక్కప్రక్కన పెట్టి చదువవలసినవి.

పూర్వపక్షమును వినుటకు భయపడుట మనకు కొత్తగా వచ్చిన జాడ్యము. మాధవాచార్యులు "సర్వదర్శనసంగ్రహము"ను చార్వాకమతముతో ఆరంభించెను; వెక్కిరించుటకు కాదు, వారి వాదమును వారి బలముతోనే నిలిపి చూపుటకు. "సంస్కార"ను పూర్వపక్షముగానైనను చదువజాలని ఆస్తికుడు సిద్ధాంతమును దేని మీద నిలుపును?

"తుదలో ప్రాయశ్చిత్తము లేదు, పాపమును చేసినవాడు తప్పించుకొన్నాడు" అని చదివినవారు కూడ ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణమునకు మాత్రము నిలిచి బదులు చెప్పవలెను. భార్య మహామారితో మరణించిన పిమ్మట ప్రాణేశాచార్యుడు ఊరు విడిచి తిరుగును. పుట్ట యనువాడు వెంటబడి మాటలు చెప్పుచు మేళిగె రథోత్సవమునకు తీసికొనిపోవును. అచ్చట ఆశౌచమున నుండియే దేవాలయపు పఙ్క్తిలో భోజనమునకు కూర్చుండును. ఎవరో గుర్తుపట్టుదురు, విస్తరి ముందునుండి లేచి పరుగెత్తును. చంద్రి విషయమున కంటె ఈ విస్తరి ముందరనే ఆయన ఎక్కువగా వణకును. ఏలన అడవిలో జరిగినది తన పతనము, ఇచ్చట తెలియక అంటుచున్నది పఙ్క్తిలోని అందరికిని. ధర్మశాస్త్రమున ప్రాయశ్చిత్తమునకు మొదటి మెట్టు కృచ్ఛ్రము కాదు, దానము కాదు, పరిషదుపస్థానము. స్నానము చేసి, తడిబట్టలతో విద్వత్పరిషత్తు ఎదుట నిలిచి, చేసిన పనిని దాచక నోరార చెప్పవలెను. పిమ్మటనే వారు ప్రాయశ్చిత్తమును నిర్ణయింతురు. నవల ముగియునప్పటికి ప్రాణేశాచార్యుడు బండినెక్కి దూర్వాసపురము వైపు పోవుచున్నాడు. చెప్పునో చెప్పడో ఆయనకే తెలియదు. చెప్పదలచినను, ఆ ఊరిలో పరిషత్తుగా కూర్చుండుటకు ఎవరు మిగిలిరి? గరుడాచార్యుడా, లక్ష్మణాచార్యుడా?